అరగోడ దాటిన కప్పు

మా వీధిలో ఒక అమ్మాయి డిప్లమా పూర్తి చేసి, నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన డ్రాయింగ్ ఆఫీసులోనే ఉద్యోగం సంపాదించుకుంది. చేరే ముందు మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "దాదాజీ, వహా కైసే రహనా హై?" అని, అక్కడ ఎలా మసలుకోవాలో అడిగింది. నేను తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబు చెబుతుంది. జంషెడ్‌పూర్‌లో మా బారిడీహ్ పేటలో ఈ వయసు పిల్లలందరూ అంతే.

"పని సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసమ్మా. ఇప్పుడు బోర్డులూ లేవు, ఇంకూ లేదు. నేను చెప్పగలిగితే టీ గురించి చెప్పగలను" అన్నాను.

నవ్వింది. నేను సరదాకి అన్నాననుకుంది. ఇది తన కోసం రాస్తున్నాను. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, లేదా వాళ్లమ్మ చదివి వినిపిస్తుంది. ప్రమోషన్లూ, ఫైళ్లూ, ఎవరికి ఏ గ్రేడు వచ్చిందన్నదీ ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు. ఆఫీసులో టీ ఎక్కడ తాగాలి, ఎవరు తేవాలి, ఒలికితే ఏం చెయ్యాలి అన్నవి చిన్న సంగతులుగా కనిపిస్తాయి. నా ఉద్యోగంలో నేను చేసిన అతిపెద్ద తప్పు అక్కడే జరిగింది.

వరండాలో టీ

డెబ్భైల మొదట్లో నేను ట్రేసరుగా చేరాను. ట్రేసరు పని ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. డ్రాఫ్ట్స్‌మన్ కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. దాని మీద పల్చటి నీలిరంగు గుడ్డ పరిచి, కింది గీతలన్నిటినీ నల్ల ఇంకుతో ఆ గుడ్డ మీదికి ఎక్కించేవాడు ట్రేసరు. కర్మాగారంలో ఎక్కడ ఏ యంత్రం బిగించాలన్నా ఆ గుడ్డ నుంచి తీసిన ప్రింటే ఆధారం. పెద్ద షీటుకి రెండు మూడు వారాలు పట్టేది.

ఆ గుడ్డకు గంజి పట్టించి నునుపు చేసి ఉంటారు. నీటిచుక్క పడితే గంజి లేచిపోయి, అక్కడ తెల్లగా పొంగుతుంది. ఆ తర్వాత గీత నిలవదు. మే నెలలో ముంజేతి చెమట తగలకుండా చేతి కింద కాగితం పెట్టుకుని పనిచేసేవాళ్లం. అలాంటి చోట టీ అంటే ఎంత భయమో ఊహించుకోవచ్చు.

అందుకని పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి, పది నిమిషాలు, అందరం హాలు బయట వరండాలోకి వెళ్లి తాగేవాళ్లం. గ్లాసు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తాగాక మేకుకి తగిలించిన గుడ్డతో చేతులు తుడుచుకుని లోపలికి రావాలి. ఇవి రాసి పెట్టిన నియమాలు. రాయనివి ఇంకా ఎక్కువ. మొదటి గ్లాసు పెద్దవాళ్లది, చివరి గ్లాసు కొత్తగా చేరినవాడిది. వరండాలో పని మాట ఎత్తకూడదు. కొంతమంది తమ గ్లాసులో ఇంకొకరు తాగితే ఒప్పుకునేవారు కాదు, గుర్తుకోసం అడుగున రంగు చుక్క పెట్టించుకునేవారు. ఆ పట్టింపు నాకు నచ్చలేదు. నచ్చలేదని ఎవరితోనూ అనలేదు కూడా.

మా హాలుకి పెద్ద సన్యాల్ గారు, చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే బెంగాలీ మనిషి. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. ఆయన దగ్గర మొదటి పాఠం నేను చేరిన ఏడాదే నేర్చుకున్నాను.

ఒక షీటులో బోల్టు కన్నాల మధ్య దూరం వేసేటప్పుడు ఒక అంకె తప్పు దించాను. కింద షాపులో ఆ ప్రకారమే కన్నాలు పెట్టారు, బిగించబోతే కలవలేదు. షాపు ఫోర్‌మన్, ఆరడుగుల సర్దార్జీ, ప్రింటు చుట్టి చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"కిస్ గధే నే బనాయా యే?" అని గుమ్మంలోనే కేకవేశాడు.

సన్యాల్ గారు ఆయన్ని వరండాలోకి నడిపించి, నన్ను పిలిచి, నా చేతికి కూడా ఒక గ్లాసు ఇప్పించారు. "ఇదిగో, ఆ గాడిద ఇతనే. ముందు టీ తాగండి" అన్నారు హిందీలో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు" అన్నారు.

"తప్పు నాదే సర్. అంకె తప్పు దించాను" అన్నాను.

సర్దార్జీ సగం టీ తాగేదాకా నన్ను చూస్తూనే ఉన్నాడు. "కొత్తవాడివా?" అన్నాడు. అవునన్నాను. "నా దగ్గర కొత్తవాళ్లు కన్నం పెట్టి ఆ తర్వాత కొలుస్తారు. నువ్వు వాళ్ల కంటే నయం" అని నవ్వేశాడు. మిగతా టీ తాగి వెళ్లిపోయాడు.

తప్పు ఒప్పుకోవడానికి అయ్యే ఖర్చు అంతే అని నాకు ఇరవై రెండేళ్లకే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

తవిటయ్య మావ

హాలుకి టీ తెచ్చేది తవిటయ్య. క్యాంటీన్‌లో టెంపరరీ మనిషి. అప్పటికే నలభై దాటిన వయసు. ఒక చేత్తో అల్యూమినియం కెటిల్, రెండో చేత్తో తీగల స్టాండులో గ్లాసులు. భుజం మీద తువ్వాలు ఎప్పుడూ ఉండేది. చక్కెర తక్కువ తాగేదెవరు, చుక్క గ్లాసు ఎవరిది, ఇవాళ ఎవరు సెలవు పెట్టారు, అన్నీ అతనికి కంఠతా వచ్చు.

శ్రీకాకుళం వైపు వాళ్లదీ మాదీ పక్కపక్క ఊళ్లు. మా నాన్న కర్మాగారంలో ఖలాసీగా చేరిన కొన్నాళ్లకు వాళ్ల నాన్నా వచ్చాడట. ఆఫీసులో నన్ను "బాబూ" అనేవాడు. గేటు దాటాక నేను "అల్లుడు". నాకు అతను ఎప్పుడూ "మావా". బిర్సానగర్‌లో చిన్న ఇంట్లో అద్దెకుండేవాడు. ఆదివారం సాక్చి బజారుకి వెళ్లి చేపలు కొంటే, తిరుగు దారిలో వాళ్లింటి దగ్గర ఆగేవాణ్ణి. అతని భార్య పైడమ్మ అత్త ఆ చేపల్లో సగం అక్కడే వండేసేది.

ఒక ఆదివారం ఆవిడ బియ్యం ఏరుతూ చేటని కళ్లకు మరీ దగ్గరగా పట్టుకుని ఉండడం చూశాను.

"ఏటి అత్తా, అంత దగ్గరగా?"

"మసకలగ ఉన్నాది బాబూ. ఎడం కన్ను మరీని. దీపం సుట్టూ రంగులు అవుపడతన్నాయి."

తవిటయ్య అందుకున్నాడు. "ఈ పాలి పర్మనెంటు లిస్టులో నా పేరు రాసినారు అల్లుడూ. పదకొండేళ్లయినాది కాదేటి. కాయితం వచ్చీసినాదంటే ఆస్పత్రి కార్డు ఇచ్చీత్తారు. ఆ మర్నాడే మీ అత్తని కళ్ల డాక్టరు దగ్గరకి ఎత్తుకెల్లిపోతాను."

"నన్నెత్తగలవేటి నువ్వు? కెటిల్ ఎత్తడానికే ఆయాసపడతావు" అంది ఆవిడ.

ఆ రోజుల్లో పర్మనెంటు కాగితం అంటే ఏమిటో జంషెడ్‌పూర్‌లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. క్వార్టరు, ఆస్పత్రి, పిల్లల చదువు, అన్నీ దానికే వేలాడుతుంటాయి. అది లేనివాడు అదే గేటులోంచి అదే వేళకి లోపలికి వచ్చినా బయటివాడే.

కప్పూ సాసరూ

డెబ్భైలు ముగిసే వేళకి నన్ను సెక్షన్ లీడర్ని చేశారు. హాలుకి ఒక చివర నడుము ఎత్తున చెక్క అడ్డు ఉండేది. దాన్ని అరగోడ అనేవాళ్లం. దాని వెనుక నలుగురు సెక్షన్ లీడర్లకు బల్లలు. అక్కడ ట్రేసింగులు ఉండవు కనుక, అక్కడివాళ్లకు టీ బల్ల దగ్గరికే వస్తుంది. గాజు గ్లాసులో కాదు, కప్పూ సాసరూ. ఆ కప్పు మాత్రం అరగోడ దాటి బోర్డుల వైపు రాకూడదు.

జీతం పెరిగినదానికంటే ఆ కప్పు నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిందంటే సిగ్గుగా ఉంటుంది. మొదటి రోజు దాన్ని నెమ్మదిగా, అందరికీ కనిపించేలా తాగాను. వరండా లోంచి ఎవరో "రామ్మూర్తి బాబు లాట్‌సాబ్ బన్ గయే" అన్నారు, దొరగారైపోయాడని. నేను వినిపించుకోనట్టు ఉన్నాను, కానీ ఆ మాట నాకు నచ్చింది.

కొన్ని వారాలకు కప్పు చేత్తో పట్టుకుని బోర్డుల మధ్య తిరుగుతూ పని చూడడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ల పని మీద రిపోర్టు రాసేవాణ్ణి నేను, ఎందుకంటారు? ఆ తర్వాత పని చూస్తుండగా టీ వేళ అయితే, నేనున్న బోర్డు దగ్గరికే తెమ్మనేవాణ్ణి.

తవిటయ్య మొదటిసారి అరగోడ దగ్గరే ఆగిపోయాడు.

"బాబూ, ఇది దాటి తేకూడదని సన్యాల్ బాబు మరీమరీ సెప్పినారు. ఈ బల్ల మీద ఒగ్గేత్తాను, మీరొచ్చి తాగీసి ఎల్లండి."

"చల్లారిపోతుంది మావా. ఇటు పట్రా."

అతను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నా పేరు లిస్టులో ఉన్నాది. ఈ టయములో నాను మాట పడకూడదు బాబూ."

"నేనున్నాను కదా. ఎవరైనా అడిగితే నేను తెమ్మన్నానని చెప్పు."

తెచ్చాడు. మర్నాడు చెప్పకుండానే తెచ్చాడు. పది పదిహేను రోజులకు అది అలవాటయిపోయింది. సన్యాల్ గారి గది హాలు అవతల ఉండేది, ఆయన టీ వేళ బయటికి వచ్చేవారు కాదు.

ఒక్క సంగతి నేను ఆలోచించలేదు. ఆ నియమం తెమ్మన్నవాణ్ణి పట్టుకోదు, తెచ్చినవాణ్ణి పట్టుకుంటుంది. తెమ్మన్నవాడి చేతులు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తాయి.

ఒలికిన రోజు

మా సెక్షన్‌లో బృందావన్ పాత్రో అని ట్రేసరు ఉండేవాడు. పర్లాకిమిడి వైపు తెలుగువాడు, నాకంటే ఐదేళ్లు చిన్న, ఇక్కడివాళ్లలా నన్ను దాదా, అంటే అన్నా, అని పిలిచేవాడు. అతని చేతి గీత హాలు మొత్తంలో శుభ్రమైనది. మిల్లు మరమ్మతుకి మూసే రోజుల కోసం పెద్ద షీటు ఒకటి మూడు వారాలుగా వేస్తున్నాడు. ఆ మర్నాడు ప్రింటుకి వెళ్లాలి.

పదింటికి అతను వరండాలోకి వెళ్లబోతుంటే ఆపి, షీటు చూడడం మొదలుపెట్టాను. తవిటయ్య కప్పు తెచ్చి ఇచ్చి, ఖాళీ కప్పు కోసం కెటిల్‌తో పక్కనే నిలబడ్డాడు. నేను సగం తాగి, బోర్డుకి అడ్డంగా ఉండే స్కేలు మీద సాసరు ఆనించాను. బోర్డు వాలుగా ఉంటుంది, స్కేలు ఆపుతుంది కదా అనుకున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మధ్యగీత సరిచూద్దామని ఆ స్కేలునే పైకి జరిపాను.

టీ అంతా షీటు మీద పడింది. కప్పు దొర్లి నా చేతికే తగిలింది. ఎందుకో నేను దాన్ని సాసరుతో సహా తీసి తవిటయ్య చేతిలో పెట్టాను. ఆ ఎందుకో అన్న మాట ఇక్కడ రాయడానికి కూడా నాకు అధికారం లేదు. చేతుల్లో ఏమీ ఉండకూడదనే పెట్టాను.

తవిటయ్య కంగారుగా కెటిల్ కింద పెట్టి, రెండో చేత్తో భుజం మీద తువ్వాలు లాగి షీటుని గట్టిగా తుడిచాడు. బల్ల మీద టీ పడితే అతను రోజూ చేసే పనే అది. కానీ తడిసిన ట్రేసింగు గుడ్డని తుడవకూడదు, మీద కాగితం అద్ది వదిలెయ్యాలి. ఆ సంగతి అతనికి తెలియదు. మేము ఎవరమూ ఎప్పుడూ చెప్పలేదు. గంజి ముద్దలుగా లేచి, ఇంకుతో సహా తువ్వాలుకి అంటుకు వచ్చింది. అడ్డదిడ్డంగా తెల్లటి చారలు పడ్డాయి.

బృందావన్ "అరే అరే" అన్న కేకకి సన్యాల్ గారు గదిలోంచి వచ్చారు. ఆయన చూసింది ఇదీ: బోర్డుల మధ్య నేల మీద కెటిల్. తవిటయ్య ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో నల్లబడిన తువ్వాలు. పాడైపోయిన షీటు.

"ఇది లోపలికి ఎలా వచ్చింది?" అన్నారు హిందీలో, చాలా నెమ్మదిగా.

తవిటయ్య నా వైపు చూశాడు. నేను షీటు వైపు చూస్తున్నాను, ఎంత పాడైందో అంచనా వేస్తున్నట్టు.

"బోలో."

"గల్తీ హో గయా, బాబు" అన్నాడు తవిటయ్య, తప్పైపోయిందని.

నేను తెమ్మన్నానని అతను చెప్పలేదు. చెప్పమని నేనే అన్నాను, అయినా చెప్పలేదు. నేను చెబుతానని ఎదురుచూశాడు. అందరి ముందూ ఎందుకు, కాసేపాగి గదిలోకి వెళ్లి చెబుదాం అని నేను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం సన్యాల్ గారి గదిలో ఎవరో పెద్ద ఇంజనీరు ఉన్నాడు. మర్నాడు ఆయన ముఖం గంభీరంగా ఉంది. ఆ తర్వాత శనివారం. ప్రతి రోజుకీ ఒక కారణం దొరికింది.

ఇరవై రోజులు

మూడో రోజు నుంచి టీకి వేరే మనిషి వచ్చాడు. తవిటయ్యని బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వైపు క్యాంటీన్‌కి, గిన్నెలు కడిగే పనికి పంపించారు. నేను వాళ్లింటికి వెళ్లడం మానేశాను. చేపలు సాక్చిలో కాకుండా ఇంటి దగ్గరే కొనేవాణ్ణి. మా ఆవిడ అడిగితే అక్కడ తాజావి దొరకడం లేదని అన్నాను.

బృందావన్ కొత్త గుడ్డ పరిచి అదే షీటు మళ్లీ వేశాడు. ఒక్కమాట ఎత్తలేదు. ఇరవయ్యో రోజున షీటు పూర్తయింది. సరిచూసి సంతకం పెట్టడానికి నా బల్ల మీదికి తెచ్చాడు. సంతకం పెట్టాక ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు నువ్వు చూశావు కదా. సన్యాల్ గారికి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావనుకున్నాను దాదా."

"చెప్పకపోతే?"

"రెండు మూడు దినాలు సూసినాను. తరవాత..." షీటు చుట్టుకుంటూ ఆగాడు. "నా రిపోర్టు నువ్వే రాత్తావు గదా దాదా."

మాటలో ఎత్తిపొడుపు లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అతన్ని అలా తయారుచేసింది నేనేనని అప్పుడు అర్థమైంది. లేచి నేరుగా సన్యాల్ గారి గదిలోకి వెళ్లాను.

అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"లిస్టు నిన్న వెళ్లిపోయింది రామ్మూర్తీ. అతని పేరు తీసేశారు, నేను రాసిన రిపోర్టు చూసి."

ఆయన కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ రోజే చెప్పి ఉంటే రెండు నిమిషాలు తిట్టి ఊరుకునేవాణ్ణి. అది నీకు తెలుసు. తెలిసీ ఎందుకు చెప్పలేదో, అదొక్కటే నాకు అర్థం కావడం లేదు."

ఆయన వెంటనే పర్సనెల్ డిపార్టుమెంటుకి ఉత్తరం రాశారు, తన రిపోర్టు తప్పని. పెద్ద పదవిలో ఉన్న మనిషి తన తప్పు కాని తప్పుని తన చేత్తో రాసుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. తర్వాతి జాబితాలో పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ తర్వాతి జాబితా నాలుగేళ్లకు గానీ రాలేదు.

నాకేమైందని మీరు అడగవచ్చు. ఏమీ కాలేదు. సంజాయిషీ లేదు, కోత లేదు. కప్పూ సాసరూ కూడా పోలేదు. నేనే మళ్లీ వరండాలోకి వెళ్లి గ్లాసులో తాగడం మొదలుపెట్టాను. దాన్ని కొందరు వినయం అనుకున్నారు.

సన్యాల్ గారికి చెప్పిన సాయంత్రమే కోక్ ఓవెన్ల క్యాంటీన్‌కి వెళ్లాను. తవిటయ్య మోచేతుల దాకా సబ్బునీళ్లలో ఉన్నాడు.

"మావా, సన్యాల్ గారికి చెప్పేశాను. నాదే తప్పని."

"ఠీక్ హై, సాబ్."

"ఉత్తరం రాశారు. వచ్చే లిస్టులో..."

"ఠీక్ హై సాబ్. ఆప్ జాయియే, యహా పానీ హై. కపడా గీలా హో జాయేగా."

బట్టలు తడుస్తాయి, వెళ్లండి అని. అన్నేళ్లలో అతను నాతో ఒక్క హిందీ మాట ఆడలేదు. ఆ రోజు తర్వాత హిందీ తప్ప ఆడలేదు. అది కోపంగా కూడా అనేవాడు కాదు. ఏ ఆఫీసరు ఎదురుపడినా ఎలా అంటాడో అలాగే అనేవాడు. అత్తని బయటి డాక్టరుకి చూపిస్తానని రెండుసార్లు మనిషితో కబురు పెట్టాను. "నహీ సాబ్, చల్ రహా హై", వద్దు, ఎలాగో నడుస్తోంది అని జవాబు వచ్చింది. మూడోసారి పంపలేదు. నేనే స్వయంగా బిర్సానగర్ వెళ్లి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఉండవలసింది. అంత దూరం కూడా కాదు.

ఆ తర్వాత నేను పాటించినవి

కొత్తగా చేరేవాళ్లకు ఉపయోగపడతాయని రాస్తున్నాను. ఇవి పాటించి నేనేదో మంచివాణ్ణి అయ్యానని కాదు.

నీ టీ నువ్వే తెచ్చుకో. ఎవరైనా తెచ్చిపెడితే, వాళ్లు ఎక్కడిదాకా రావచ్చో తెలుసుకుని ఆ గీత దగ్గరికి నువ్వే వెళ్లు. కంప్యూటర్ల గదికి కూడా అలాంటి గీత ఏదో ఉండే ఉంటుంది.

నీ కింద పనిచేసేవాడు "వద్దు బాబూ" అంటే, అది ఒకసారే అంటాడు. రెండోసారి అనడు. ఆ ఒక్కసారే వినాలి. "నేనున్నాను కదా" అన్న మాట మాత్రం నోటికి రానివ్వకు. ఆ మాట అనేవాళ్లని చాలామందిని చూశాను. అవసరమైన నిమిషంలో వాళ్లు ఎక్కడో ఉంటారు. నేను అతనికి రెండడుగుల దూరంలో ఉండి కూడా లేను.

కోపంగా వచ్చినవాడికి ముందు టీ ఇవ్వు. ఇది సన్యాల్ గారిది, ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ టీ ఇచ్చి తప్పు దాటవెయ్యకు. గ్లాసు చేతిలో ఉండగానే చెప్పెయ్యి. చల్లారాక చెప్పడం కష్టం.

తప్పు ఒప్పుకోవడానికి మంచి సమయం కోసం చూడకు. నేను ఇరవై రోజులు చూశాను.

ఆస్పత్రి వరండా

తవిటయ్య కాగితం ఎనభైల మొదట్లో వచ్చింది. నాకు నోటీసు బోర్డు మీద చూసి తెలిసింది. అది వచ్చిన మూడు వారాలకు, నా రక్తపోటు మాత్రల కోసం కంపెనీ ఆస్పత్రికి వెళ్లాను. మందుల కిటికీ ఎక్కడికి మారిందని ఒక వార్డుబాయ్‌ని అడుగుతున్నాను. పక్క బల్ల మీంచి తెలుగు వినిపించింది.

"ఎవులది, రామ్మూర్తి బాబు గొంతులగ ఉన్నాదే?"

పైడమ్మ అత్త. ఎడమ కంటికి గుడ్డ కట్టి ఉంది. కుడి కన్ను నా భుజం దగ్గర ఎక్కడో వెతుకుతోంది.

"నేనే అత్తా."

"గొంతు బట్టి పోల్చీసినాను. ఏటి బాబూ, మా ఇంటికాసి రావడమే మానీసినారు? పెద్ద ఆపీసరైపోనారని మీ మావ అంతన్నాడు. ఆపీసరైతే సేపలు తినకూడదేటి?"

డాక్టరు ఏమన్నాడని అడిగాను.

"కుడిది ఆపరేషను సేత్తే నిలబడతాదంట. ఎడమది అయిపోనాదంట. నాలుగేళ్ల కిందట తెచ్చుంటే బాగుండునని ఆ డాక్టరు కేకలేసినాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ మావ మీద నాకు కోపమే బాబూ. అంత పెద్ద కాయితం మీద సెయ్యి జారి టీ ఒలకబోసీసినాడంట కాదేటి. దాంతోని లిస్టులోంచి పేరు తీసీసినారు. సెయ్యి తిన్నగా ఉంచుకోనేని మడిసివి, నా కన్ను తీసీసినావని ఈ నాలుగేళ్లూ ఆడిని తిట్టని దినం నేదు. ఒక్క మాట తిరిగి అన్నేదు."

తవిటయ్య ఇంట్లో చెప్పలేదు. నేను సన్యాల్ గారికి చెప్పానని తెలిశాక కూడా చెప్పలేదు. ఒకప్పుడు అల్లుడని పిలిచినవాడి పేరు భార్య తిట్లలో పడకూడదనుకున్నాడో, ఇక నా పేరే ఎత్తదలుచుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. దూరంగా చీటీల కిటికీ ముందు వరుసలో నిలబడి ఉన్నాడు, మాకు వీపు పెట్టి.

"అత్తా" అన్నాను. "టీ ఒలికింది మావ చేతిలోంచి కాదు. నా చేతిలోంచి. తెమ్మన్నది నేను. ఒలకబోసింది నేను. ఆ కప్పు మావ చేతిలో పెట్టింది కూడా నేనే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మరి అప్పుడే సెప్పనేదేటి బాబూ?" అంది.

అడిగిన తీరులో నింద లేదు. తెలుసుకుందామని అడిగింది. అందరి ముందూ ఎందుకనుకున్నాననీ, గదిలో ఎవరో ఉన్నారనీ, శనివారం వచ్చిందనీ, నా దగ్గరున్న కారణాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ కంటిగుడ్డ ముందు నిలబడి చెప్పగలిగింది వాటిలో ఒక్కటీ లేదు.

తవిటయ్య చీటీ పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు, ఆవిడ ముఖం చూశాడు.

"ఇనుకున్నావా, ఈ బాబేటంతన్నాడో?" అంది ఆవిడ. "నివ్వేటి నాకు సెప్పనేదు?"

"లే" అన్నాడు అతను తెలుగులో, ఆవిడతో. "డాక్టరు పిలుత్తన్నాడు."

వాళ్లకు దారి ఇవ్వడానికి నేను గోడవైపు జరిగాను. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాడు. నాలుగడుగులు వేశాక ఆవిడ ఆగి తల వెనక్కి తిప్పింది. నేను గోడవైపు తప్పుకున్నట్టు ఆవిడకి తెలియదు. ఇందాక నా గొంతు వినిపించిన చోటు వైపే, తను లేచి వచ్చిన ఖాళీ బల్ల వైపు, జవాబు కోసం కాసేపు చూసింది.